మొగిలి చేతి చాయ్

బొగ్గుబాయిలోకి నిప్పు పోరాదు. అగ్గిపెట్టె గానీ బీడీ గానీ ఉన్నాయేమోనని దిగేముందే జేబులు తడిమి చూస్తారు. కాబట్టి బాయిలో పనిచేసే మనిషికి లోపల ఉన్నంతసేపూ చాయ్ ఊసే ఉండదు. దిగబోయే ముందు ఒకటి, ఎక్కి వచ్చాక ఒకటి. గోదావరిఖనిలో ఎవరిని కదిలించినా ఆ రెండో చాయ్ రుచి గురించే చెబుతారు. కడుపులోకి వేడివేడిగా అది దిగిందంటే, ఈ పూటకు క్షేమంగా పైకి వచ్చేసినట్టు లెక్క.

మొగిలి ఆ చాయ్‌ని ఏనాడూ క్యాంటీన్లో తాగలేదు. తోటివాళ్లు "రా అన్నా, ఒక కప్పు కొడదాం" అని పిలిచినా వినకుండా సైకిలెక్కి నేరుగా ఇంటికే వచ్చేవాడు. క్వార్టరు వాకిట్లో మునగచెట్టు కింద సిమెంటు గద్దె మీద కూలబడగానే భార్య మల్లక్క గ్లాసు తెచ్చి చేతిలో పెట్టేది. అల్లం ఘాటు గొంతులో చురుక్కుమంటే ఒంట్లో ఉన్న అలసటంతా ఒక్కో మెట్టూ దిగిపోయేది. ఆ చాయ్ ఎలా తయారవుతుందో, తాను కూర్చున్న వేళకే పొగలు కక్కుతూ చేతికెలా వస్తుందో మొగిలి ఎన్నడూ ఆలోచించలేదు. పొద్దు పొడిచినట్టు, వాన పడినట్టు అదీ దానంతటదే జరిగే పని అనుకున్నాడు.

అతనిది టింబర్‌మన్ ఉద్యోగం. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం. దుంగ పెట్టేముందు కట్టెతో పైకప్పును తట్టి చూసేవాడు. రాయి గట్టిగా ఉంటే ఒక మోత, లోపల డొల్లబారి ఉంటే ఇంకో మోత. ఆ తేడా మొగిలి చెవికి ఇట్టే తెలిసేది. "మొగిలన్న తలకాయ ఊపిండంటే ఇగ కింద ఫికర్ లేకుంట కూసోని సద్ది తినొచ్చు" అనేవాడు అతనితో జోడీగా పనిచేసిన తీతు.

అటువంటి మనిషికి ఊపిరి ఎదురు తిరిగింది. బాయి నుంచి పైకి ఎక్కే దారిలో రెండుసార్లు ఆగేవాడల్లా నాలుగుసార్లు ఆగడం మొదలుపెట్టాడు. ఒకనాడు మధ్యలోనే గోడకు చేరగిలబడి కూర్చుండిపోతే తీతు భుజం పట్టి పైకి తీసుకొచ్చాడు. మెడికల్ బోర్డు వాళ్లు పరీక్షలన్నీ చేసి అన్‌ఫిట్ అన్నారు. అతని ఉద్యోగం వారసత్వంగా కూతురు సంతోషికి వచ్చింది. డిగ్రీ చదివిన పిల్ల, చురుకైనది. ఆమెను ల్యాంప్ రూములో వేశారు. బాయిలోకి దిగేవాళ్ల టోపీలకు పెట్టుకునే దీపాలను చార్జింగు పెట్టి, సరిచూసి, పేరుపేరునా చేతికిచ్చే పని అది.

కూతురు ఇచ్చిన దీపంతో మనుషులు బాయిలోకి దిగుతున్నారన్న మాట తలుచుకుంటే మొగిలికి గుండె నిండిపోయేది. ఆ వెంటనే ఖాళీ అయిపోయేది కూడా. పొద్దున్నే వాడలోని మగాళ్లంతా డ్యూటీకి పోతుంటే తాను గద్దె మీద కూర్చుని మునగచెట్టు ఆకులు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తూ ఉండేవాడు. ఎవరైనా పలకరిస్తే నవ్వేవాడు. లోపల మాత్రం, దుంగ తీసేసిన తర్వాత మిగిలిన గుంటలా ఉండేది అతనికి.

ఆ ఏడు వానాకాలం మల్లక్క వాకిట్లో గిన్నెలు కడుగుతూ పాచి మీద జారిపడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. దవాఖానలో పిండికట్టు వేసి, ఈ చేత్తో చెంచా కూడా ఎత్తొద్దని చెప్పి పంపారు.

మరునాడు తెల్లవారుతుండగా వంటింట్లో మూత పడిన చప్పుడుకు మొగిలి లేచాడు. వెళ్లి చూస్తే మల్లక్క ఎడమచేత్తో గిన్నె పట్టుకుని తంటాలు పడుతోంది. సంతోషి స్నానం చేస్తోంది. ఫస్టు షిఫ్టు బస్సుకు ఇంక ఎంతో సమయం లేదు.

"నువ్వు కూసో" అన్నాడు మొగిలి.

"కూసుంటె చాయ్ ఎవ్వలు పెడ్తరు?"

"నేను పెడ్త."

మల్లక్క అతని ముఖంలోకి చూసింది. జ్వరమేమైనా తగిలిందా అన్నట్టు చూసింది. మొగిలి ఆమెను పక్కకు తప్పించి, అరలోని డబ్బాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మూత తీసి చూడసాగాడు. పసుపు, ధనియాలు, చింతపండు.

"ఏం దేవులాడుతున్నవయ్యా?"

"చాయ్‌పత్త ఏడున్నది?"

"అయ్యో నా రాత! ఇన్నేండ్ల సంది ఇదే ఇంట్ల ఉంటివి. చాయ్‌పత్త డబ్బ ఏడున్నదో తెల్వదా?"

తెలియదు. అది ఉన్నచోటు చూపించాక గిన్నెలో పాలు పోసి, అందులోనే అల్లం దంచి వేసి, పత్త, చక్కెర అన్నీ కలిపి మంట పెద్దది చేశాడు. కాసేపట్లో పాలు విరిగి ముక్కలు ముక్కలుగా తేలాయి. మిగిలిన పాలతో మళ్లీ పెట్టాడు. ఈసారి విరగలేదు గానీ, ఆ గాభరాలో మంట తగ్గించడం మరిచిపోయి అడుగంటించాడు. సంతోషి అది తాగి, "మంచిగనే ఉన్నది బాపూ" అంటూ చెప్పులేసుకుని పరుగెత్తింది. పోతూ పోతూ నీళ్లసీసా ఎత్తి గడగడా తాగడం మొగిలి చూశాడు.

సాయంత్రం మల్లక్క దగ్గర కూర్చుని, "ఎట్ల పెడ్తరో చెప్పు" అన్నాడు.

ఆమె పీట మీద కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. "ముందుగాల నీళ్లు మర్గాలె. మర్గినంక అల్లం ఎయ్యి. మెత్తగ నూరకు, కచ్చపచ్చ దంచు. అల్లం ఉడికి దాని కారం నీళ్లల్లకు దిగినంకనే పత్త. పాలు ఆఖరుకు. పచ్చిపాలు పొయ్యకు, కాగిన పాలు పొయ్యి. పచ్చిపాలల్ల పచ్చి అల్లం పడితె ఇరగక ఏమైతది?"

"పాలు పోసినంక ఎంతసేపు ఉంచాలె?"

"ఎంతసేపంటె… అయ్యెదాక."

"అయినట్టు ఎట్ల ఎర్కయితది?"

"ఎర్కయితది గంతే. రంగు చూస్తె తెలుస్తలేదా?"

మొగిలికి తెలియలేదు. అతని కంటికి అన్ని రంగులూ ఒక్కలాగే కనిపించాయి. రెండు రోజులు గట్టిగా పెట్టాడు, ఒకరోజు నీళ్లలా పెట్టాడు. మల్లక్క తిట్టింది, నవ్వింది, మళ్లీ చెప్పింది. ఆ తర్వాత ఒక పొద్దున పొయ్యి ముందు నిలబడి ఉన్నప్పుడు అతనికి ఒక సంగతి తట్టింది. గిన్నె మాట్లాడుతోంది. నీళ్లు కాగడం మొదలైనప్పుడు సన్నగా ఈల వేస్తాయి. తర్వాత చిటపటమంటాయి. బాగా మరిగితే గలగలమంటాయి. పాలు పోయగానే ఆ మోత అణిగిపోతుంది. మళ్లీ మెల్లగా పుంజుకుంటుంది. సరిగ్గా పొంగబోయే ముందు ఒక్క లిప్తపాటు మూగబోతుంది. బాయిలో పైకప్పు కదలబోయే ముందు కూడా అటువంటి మౌనమే ఉండేది. ఆ నిశ్శబ్దం వినబడగానే మొగిలి చెయ్యి తనకు తెలియకుండానే మంట తగ్గించింది. చాయ్ గిన్నె అంచుదాకా లేచి, మెల్లగా కిందికి దిగింది. మళ్లీ లేపాడు, మళ్లీ దించాడు. మూడోసారి లేచినప్పుడు పైన తేలిన మీగడ ఇటుకపొడి రంగులోకి తిరిగి, గది నిండా అల్లం వాసన పరుచుకుంది.

"నువ్వు కండ్లతోని చూసి చేస్తవు. నాకు చెవులతోని అయితాంది" అని మల్లక్కకు చెప్పాడు. ఆమె కూడా పీట దగ్గరికి జరుపుకుని చెవి ఒగ్గి విన్నది. "అవ్ గదయ్యా! గిది నేను ఎన్నడు ఇనలే" అన్నది ఆశ్చర్యంగా.

అప్పటినుంచి మొగిలి చాయ్ గాడిన పడింది. పోసేముందు గ్లాసులను వేడినీళ్లతో తొలిచేవాడు, చల్లటి గ్లాసు చాయ్ వేడిని దొంగిలిస్తుందని. జాలీలో మిగిలిన పత్తను చెంచాతో ఒత్తి పిండేవాడు కాదు, చేదు దిగుతుందని. ఇవన్నీ మల్లక్క చెప్పినవే. కానీ ఆమె హడావుడిలో ఒక్కోసారి వదిలేసేది, ఇతను ఏ ఒక్కరోజూ వదిలేవాడు కాదు. బాయిలో ఒక దుంగ వదులుగా నిలబెట్టి పోవడం అతనికి చేతకాదు. వంటింట్లో కూడా అంతే. ఒక పొద్దున సంతోషి గ్లాసు ఖాళీ చేసి, బస్సు వేళవుతున్నా గడప మీద నిలబడి, "బాపూ, ఇంకింత ఉన్నదా?" అని అడిగింది. ఆ మాటకు మొగిలి ముఖం వెలిగిపోయింది.

ఒక ఆదివారం ప్రార్థన ముగించుకుని తీతు మొగిలి ఇంటికి వచ్చాడు. తెల్లచొక్కా, బైబిలు సంచి. గద్దె మీద కూర్చుని చాయ్ తాగి, "వదినె చేతి చాయ్ తాగితె బాయి నుంచి ఎక్కొచ్చినట్టే ఉంటదన్నా" అన్నాడు.

మల్లక్క లోపలినుంచి వచ్చి, కట్టు కట్టిన చెయ్యి ఎత్తి చూపించింది. "గీ చేతితోని పెట్టిన్నా? అది మీ అన్న పెట్టిన చాయ్."

తీతు గ్లాసులోకి చూశాడు, మొగిలి వైపు చూశాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు. మంచివాడే గానీ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా సంగతి బజారంతా పాకింది. మరునాడు మొగిలి పాలకు వెళ్తే బస్టాపు దగ్గర కుర్రాళ్లు, "చాయ్ మొగిలన్నా, ఒక కట్ చాయ్ పొయ్యరాదే" అని కేకేశారు. అతను పాలు తీసుకుని ఇంటికి వచ్చేశాడు. కానీ మర్నాడు పొద్దున చాయ్ పెట్టేటప్పుడు వాడ వైపున్న వంటింటి కిటికీ మూసేశాడు.

మల్లక్క అది చూసి ఎడమచేత్తో కిటికీ తెరిచింది. అతను మళ్లీ మూశాడు. ఆమె మళ్లీ తెరిచింది.

"నవ్వెటోళ్లను నవ్వనీ. ఎవడన్న ఏమన్నంటె లోపలికి పిలువు, ఒక గ్లాసు పోద్దాం. తాగినంక నవ్వుమను, చూద్దాం."

ఆ మాట మల్లక్క ఊరికే అనలేదు. ఆ దారిన పోతున్న ఇద్దరు కుర్రాళ్లను నిజంగానే కేకేసి పిలిచింది. వాళ్లు సిగ్గుపడుతూ వచ్చి, గద్దె అంచున కూర్చుని తాగారు. తాగిన తర్వాత వాళ్లేమీ నవ్వలేదు. "మస్తున్నదన్నా" అని ఒకడు, "మా ఇంట్ల గిట్ల రాదు" అని ఇంకొకడు మెల్లగా అన్నారు. కిటికీ తెరిచే ఉండిపోయింది.

కట్టు విప్పేరోజు వచ్చింది. చెయ్యి బాగా అతికిందన్నారు. మరుసటి పొద్దున మొగిలి లేచేసరికి వంటింట్లో గాజుల చప్పుడు వినిపించింది. మల్లక్క పొయ్యి ముందు నిలబడి ఉంది. ఎప్పటిలాగే చకచకా చాయ్ పెట్టి, డబ్బా సర్ది, గ్లాసు తెచ్చి అతనికి అందించింది. మొగిలి తీసుకున్నాడు. ఆమె వంటిల్లు ఆమెకు వచ్చేసింది, అందులో అనడానికేముంది? గద్దె మీద కూర్చుని తాగాడు. చాయ్ బాగానే ఉంది. అతనికే ఏదో బాగాలేదు.

అలా కొన్నాళ్లు గడిచాయి. ఒకరోజు సంతోషి డ్యూటీకి వెళ్లాక ఖాళీ గ్లాసు పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాడు. మల్లక్క గోడవారన నిలబడి, గిన్నె అడుగున మిగిలిన చాయ్‌ని చిన్నగ్లాసులో వంచుకుని తాగుతోంది. దానిమీద మీగడ తెట్టు కట్టి ఉంది. పొగ లేదు.

"సల్లగయింది గదా" అన్నాడు మొగిలి.

"నాదెప్పుడు గింతే. మీరందరు పోయినంకనే నాకు తీరేది."

"వేడి చేసుకోరాదు?"

"గంత ఓపికేడిది? అల్వాటయింది."

మొగిలి గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చేతికి కట్టు ఉన్న రోజుల్లో తాను పోసిన చాయ్‌ని ఆమె తాగిన తీరు గుర్తుకొచ్చింది. పీట మీద కూర్చుని, రెండు మోకాళ్ల మధ్య గ్లాసు పెట్టుకుని, పమిట కొంగుతో పట్టుకుని, ఊదుకుంటూ ఊదుకుంటూ, కిటికీలోంచి బయటికి చూస్తూ తాగేది. ఒక్క గ్లాసుకు ఎంతసేపు తీసుకునేదో.

"నేను పోసినప్పుడు ఎట్లుండె నీకు?" అని అడిగాడు.

మల్లక్క గ్లాసు కింద పెట్టింది. "వేడిగుండె" అన్నది.

ఏదో తప్పు చేసినట్టు చిన్నగా నవ్వి, "ఒక ముచ్చట చెప్పాల్నా? నాకు అల్లం పడదు. కడుపుల మంట లేస్తది" అన్నది.

"మరి గిన్నేండ్లు తాగినవ్ గద!"

"నీకు అల్లం లేకుంటె చాయే కాదాయె. పొద్దుగాల రెండు గిన్నెలు ఎవ్వలు పెడ్తరు? నాకు తీరద్దా?"

మొగిలి బయటికొచ్చి గద్దె మీద కూర్చున్నాడు. తను బాయి నుంచి వచ్చి ఇదే గద్దె మీద తాగిన చాయ్‌లన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. లేచి బజారుకు వెళ్లి, ఒక చిన్న గిన్నె, ఇలాచీ పొట్లం కొనుక్కొచ్చాడు.

మరునాడు మల్లక్క కంటే ముందే లేచాడు. ఆమె వంటింట్లోకి వచ్చేసరికి పొయ్యి మీద రెండు గిన్నెలు ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి బొమ్మల గిన్నెలా చిన్నది.

"కూసో. నీకెట్ల కావాలె?" అన్నాడు.

"ఎట్లంటె?"

"గట్టిగనా, పల్చగనా? తీపి ఎంత? పాలు ఎన్ని?"

మల్లక్క ఎప్పుడూ గిన్నె అడుగున ఏది మిగిలితే అది తాగిన మనిషి. తనకు ఎలాంటిది ఇష్టమో తనకే తెలియదు. "ఏమో. ఎవ్వలన్న అడిగితె గద తెలిసేది" అన్నది.

అయితే తెలుసుకుందామన్నాడు మొగిలి. ఒకరోజు బెల్లం వేసి పెట్టాడు, ఇంకొకరోజు సోంపు గింజలు, మరొకరోజు ఉత్త పాలచాయ్. ఆమె ఒక్కో గుక్క తాగి, కళ్లు చిట్లించి, "ఊహూఁ" అనేది. చాలా రోజుల తర్వాత ఒక పొద్దున ఏమీ అనకుండా గ్లాసంతా తాగేసింది. పత్త తక్కువ, పాలు చిక్కగా, చక్కెర చిటికెడు, ఒక్క ఇలాచీ, అదీ దించేముందు చితగ్గొట్టి వేసినది. ఇక అదే మల్లక్క చాయ్ అయింది. పొద్దున మునగచెట్టు కింద గద్దె మీద ఇప్పుడు ఆమె కూర్చుంటుంది. డ్యూటీకి పోయే ఆడవాళ్లు ఆగి, "నీ నసీబే నసీబు మల్లక్కా" అంటుంటే, "మీ ఇంటాయనకు చాయ్‌పత్త డబ్బ చూపియ్యుండ్రి ముందుగాల" అంటుంది.

మరుసటి ఎండాకాలం సంతోషికి సంబంధం వచ్చింది. తీసుకొచ్చింది తీతే. పిల్లవాడు జైపాల్, దగ్గర్లోని ఓపెన్‌కాస్టు గనిలో ఎలక్ట్రీషియన్, గోదావరిఖనిలోనే గది తీసుకుని ఉంటున్నాడు. తల్లిదండ్రులు మందమర్రిలో ఉంటారు. తండ్రి సదానందం కూడా బాయి మనిషే, రిటైరయ్యాడు. మాట కరుకు. తల్లి లస్మవ్వ అసలు మాట్లాడదు.

సాయంత్రానికి వస్తామన్నవాళ్లు ముందు రైలు దొరికిందని మధ్యాహ్నానికే దిగారు. సంతోషి ఆరోజు ఫస్టు షిఫ్టులో ఉంది, తర్వాతి షిఫ్టుకు రావలసిన మనిషి రాక ఆమెను ఇంకాసేపు ఆపారు. ముందుగదిలో సదానందం, జైపాల్, తీతు కుర్చీల్లో కూర్చున్నారు. లస్మవ్వ పండ్ల సంచి పట్టుకుని తలుపువార నిలబడింది. మొగిలి అప్పటికే చాయ్ పెట్టేశాడు.

మల్లక్క వంటింట్లోకి వచ్చి గుసగుసగా, "నువ్వు పోయి ఆళ్లకాడ కూసో. బిడ్డ వచ్చినంక బిడ్డ ఇస్తది. మొగపిల్లగానోళ్లు ఏమనుకుంటరో" అన్నది. ఎప్పుడూ కిటికీ తెరిచే మనిషికి కూడా ఆరోజు భయం పట్టుకుంది.

"బిడ్డ వచ్చెదాక ఆగితె చాయ్ ఆగుతదా?" అని మొగిలి కప్పులు పళ్లెంలో పెట్టుకుని ముందుగదిలోకి నడిచాడు.

సదానందం కప్పు కోసం చెయ్యి చాచాడు. మొగిలి అతన్ని దాటి తలుపు దగ్గరికి వెళ్లాడు. "కూసో చెల్లె. పొద్దుగాల్నుంచి పయనంల ఉన్నవు" అని కుర్చీ జరిపి, మొదటి కప్పు లస్మవ్వకు అందించాడు. ఆమె కంగారుపడి భర్త వైపు చూసి, కుర్చీ అంచున కూర్చుంది. ఆ తర్వాతే మగవాళ్లకు వచ్చింది పళ్లెం.

"ఏంది బావా," అన్నాడు సదానందం కనుబొమ్మలు ముడిచి, "మీ ఇంట్ల చాయ్ మొగోళ్లు పెడ్తరా? పిల్లకు రాదా?"

తీతు నేల చూపులు చూశాడు. అప్పుడే గేటు తీసుకుని లోపలికొచ్చిన సంతోషి ఆ మాట విన్నది. డ్యూటీ బట్టల్లోనే ఉంది, ముఖం కూడా కడుక్కోలేదు.

"నాకు వస్తది మామా," అన్నది నమస్కారం పెట్టి. "కని మా బాపు పెట్టినంత మంచిగ రాదు. మా ఇంట్ల చాయ్ ఆయనదే. మీరు తాగి చెప్పుండ్రి."

సదానందం తాగాడు. రెండో గుక్క, మూడో గుక్క కూడా తాగాడు. జైపాల్ మాత్రం తల వంచుకుని నవ్వు ఆపుకుంటున్నాడు.

లస్మవ్వ ఒక్క గుక్క తాగి కప్పు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం మొగిలి గమనించాడు. "అల్లం పడ్తలేదా చెల్లె? ఎట్ల కావాల్నో చెప్పు, ఇంకో తీరు పెడ్త."

ఆమె తడబడింది. "అల్లం మంచిగనే ఉన్నదన్నా… నాకు జర చక్కెర ఎక్కువైతది గంతే" అన్నది గొణుగుతున్నట్టు.

"ఉన్నది తాగరాదు? పోవద్దా మనం?" అన్నాడు సదానందం.

లస్మవ్వ భర్త వైపు తిరిగి, గొంతు పెంచకుండానే అన్నది. "అన్న పెడ్త అంటుండు గదా. ఆగుదాం."

అందరూ ఆగారు. వంటింట్లో నీళ్లు మరిగే చప్పుడు ముందుగది దాకా వినిపించింది. చక్కెర తగ్గించి పెట్టిన చాయ్‌ని లస్మవ్వ కుర్చీలో వెనక్కి ఆనుకుని, చివరి చుక్క దాకా తాగింది. పోతూ పోతూ మల్లక్క చెయ్యి పట్టుకుని, "వదినే, పిల్ల నచ్చింది. మీ ఇల్లు ఇంక నచ్చింది" అన్నది. సదానందం మాత్రం ఇంటికి పోయి కబురు చేస్తామన్నాడు.

కబురు రాలేదు. రోజులు గడుస్తున్నకొద్దీ మొగిలికి గుబులు పట్టుకుంది. "ఆనాడు నేను పళ్లెం పట్టుకోని పోకుంట ఉంటె అయిపోతుండె" అన్నాడు భార్యతో.

"పోతె పోయింది. చాయ్ ఇచ్చినందుకు పోయే సంబంధం అయితె పోనీ" అన్నది సంతోషి, అక్కడే తల దువ్వుకుంటూ. కానీ ఆ పిల్ల కూడా ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతుండడం తండ్రి చూస్తూనే ఉన్నాడు.

ఒక సాయంత్రం జైపాల్ ఒక్కడే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, బూట్ల నిండా బొగ్గుదుమ్ము.

"మామా, మా బాపు ఒప్పుకున్నడు."

మొగిలి గద్దె మీద నుంచి లేచాడు. "ఎట్ల ఒప్పుకున్నడు బిడ్డా?"

జైపాల్ తల గోక్కున్నాడు. "మా అమ్మ చాయ్ బంద్ పెట్టింది. సంబంధం ఖాయం జేసెదాక పొయ్యి మీద చాయ్ గిన్నె ఎక్కదన్నది. మా బాపు యూనియన్ల మస్తు సమ్మెలు చేసిండు గని గిసువంటి సమ్మె ఎన్నడు చూడలేదట. రెండు రోజులు హోటల్ల తాగి, ఇగ నాతోని కాదన్నడు."

మల్లక్క నవ్వు వీధి చివరిదాకా వినిపించింది. లోపల సంతోషి చేతిలోంచి దువ్వెన జారిపడింది.

పెళ్లి కాలనీ పక్కనే ఉన్న ఫంక్షన్ హాలులో జరిగింది. మండే ఎండలో కూడా బంధువులతో, బాయి దోస్తులతో హాలు నిండిపోయింది. తలంబ్రాలయ్యాయి, భోజనాలయ్యాయి. సాయంత్రం వంటవాళ్లు పెద్ద డేగిసాలో చాయ్ కాచి, కాగితపు కప్పుల్లో పంచారు. పట్టుపంచెలో, చెమట తుడుచుకుంటూ ఒక మూల నిలబడి ఉన్న మొగిలి దగ్గరికి సదానందం వచ్చాడు. చేతిలో సగం తాగిన కాగితపు కప్పు ఉంది. అటూ ఇటూ చూసి, దాన్ని కిటికీ మీద పెట్టేశాడు.

"బావా, గీ చాయ్ నాతోని అయితలేదు. మీ ఇల్లు దగ్గర్నే గదా?"

"గీ సందు దాటితె మా క్వార్టరే."

"జల్ది పోయొద్దామా మరి? అప్పగింతలకు ఇంక టైమున్నది."

ఇద్దరు వియ్యంకులూ పట్టుపంచెలు మోకాళ్ల పైకి ఎగగట్టుకుని ఎవరికీ చెప్పకుండా వెనక తలుపులోంచి బయటపడ్డారు. మధ్యలో మొగిలి ఊపిరి కోసం ఒకసారి ఆగితే సదానందం కూడా ఆగాడు, ఏమీ అడగకుండా. ఇల్లంతా పెళ్లి సామాన్లతో చిందరవందరగా ఉంది. మొగిలి పొయ్యి వెలిగించి, నీళ్లు పెట్టి, అల్లం ముక్క కోసం బుట్టలో వెతకసాగాడు.

సదానందం వంటింటి గడప దగ్గర కాసేపు నిలబడ్డాడు. అటువంటి చోట ఎలా నిలబడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టుంది అతని వాలకం. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"నేనేం జెయ్యాలె బావా?"

మొగిలి తల తిప్పకుండానే, మరుగుతున్న నీళ్లను వింటూ, గూట్లో ఉన్న గ్లాసుల వైపు చెయ్యి చూపించాడు.

"గవ్వి తీసి కడుగు. వేడినీళ్లతోని."